సీల్ మీద సీల్ మార్చినా గేర్‌బాక్స్ వెనక ఆయిల్ కారుతుంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల చెరువులకు మేత బస్తాలు, ఐస్ తోలే పికప్ బండి. గేర్‌బాక్స్ వెనక సీల్ (షాఫ్ట్ చుట్టూ ఆయిల్‌ను ఆపే రబ్బరు రింగు) రెండుసార్లు మార్పించారు, ఇప్పుడు మళ్లీ కారుతోంది. కింద దూరి ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్ దాకా పోయే పొడుగాటి కడ్డీ) మొదలు పట్టుకుని ఊపితే కదులుతోంది. ఒక మెకానిక్ గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నాడు. ఇంకొకాయన, "వేసింది లోకల్ సీల్, ఒరిజినల్ వేస్తే ఆగిపోతుంది" అన్నాడు. ఎవరి మాట వినాలి అని అడిగారు.

ఇద్దరి మాటా ఇప్పుడే వినొద్దు. గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చే షాఫ్ట్ ఊగుతున్నంత కాలం ఎంత మంచి సీల్ వేసినా నిలవదు. అట్లాగని షాఫ్ట్ ఊగిందని గేర్‌బాక్స్ మార్చాల్సిన పనీ లేదు. మా షెడ్డుకు ఈ కంప్లైంట్‌తో వచ్చే బళ్లలో ఎక్కువ వాటికి ఆ షాఫ్ట్‌ను మోసే వెనక బేరింగో బుష్షో అరిగి ఉంటుంది. అది మార్చి, సీల్ ఒరుసుకునే చోట పడిన గాడి సంగతి చూసి, బ్రీదర్ (గేర్‌బాక్స్ పైన గాలి పోయే చిన్న మూత) శుభ్రం చేస్తే పని అయిపోతుంది. నేను కావలి దగ్గర హైవే పక్కన గేర్‌బాక్స్, క్రౌన్ (వెనక యాక్సిల్ మధ్యలో ఉండే గేర్లు) పనులు చేస్తుంటాను. చెరువుల మీద తిరిగే బళ్లు, అటు చీమకుర్తి వైపు గ్రానైట్ తోలే బళ్లు రెండూ వస్తాయి కాబట్టి ఈ జబ్బు రెండు రకాలుగానూ చూశాను.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీ చేతికి తెలిసిన ఆ కదలిక దేనిది? చాలామంది ప్రొపెల్లర్ షాఫ్ట్ పట్టుకుని గుండ్రంగా అటూ ఇటూ తిప్పుతారు, కటక్ కటక్‌మంటుంది, "ప్లే వచ్చేసింది" అంటారు. తిప్పితే వచ్చే ఆ కొంచెం కదలిక గేర్ పళ్ల మధ్య, క్రౌన్ పినియన్ మధ్య ఉండే ఖాళీ. కొత్త బండికి కూడా ఉంటుంది. దానికీ సీల్ లీకుకూ సంబంధం లేదు. ఇక క్రాస్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ కొసన మడత పడే జాయింట్) బేరింగ్ అరిగితే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఊగుతుంది గాని గేర్‌బాక్స్ లోపలి షాఫ్ట్ ఊగదు. ఊగేది క్రాసో, గేర్‌బాక్స్ షాఫ్టో తేల్చాలంటే ఒక చేత్తో క్రాస్‌కు అవతలున్న ప్రొపెల్లర్ షాఫ్ట్, ఇంకో చేత్తో ఇవతలున్న ఫ్లాంజ్ (గేర్‌బాక్స్ షాఫ్ట్ కొసకు నట్టుతో బిగించిన గుండ్రటి బిళ్ల) పట్టుకుని ఎదురెదురుగా కదిలించండి. రెండింటి మధ్య తేడా తెలిస్తే అది క్రాస్. రెండూ కలిసి కదిలితే అప్పుడు అనుమానం గేర్‌బాక్స్ మీదికి పోవాలి.

అయినా సరే, ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి పక్కన పెట్టి చూస్తేనే నిజం తెలుస్తుంది. విప్పే ముందు రెండు జాగ్రత్తలు. షాఫ్ట్ తీసేశాక గేర్‌లో పెట్టినా బండి ఆగదు, ఎందుకంటే గేర్‌బాక్స్‌కూ చక్రానికీ మధ్య ఇక తెగిపోయినట్టే. చక్రాలకు రెండు పక్కలా చెక్కలు పెట్టి, జాకీ మీద వదిలేయకుండా స్టాండు వేసి, అప్పుడు దూరండి. రెండోది, ఫ్లాంజ్‌కు, షాఫ్ట్‌కు, మధ్యలో స్లైడింగ్ జాయింట్ (షాఫ్ట్ పొడవు పెరిగి తగ్గేలా ఒకదాంట్లో ఒకటి జారే చోటు) ఉంటే దానికి కూడా పెయింట్‌తో గుర్తు పెట్టుకోండి. ఎందుకో కింద చెబుతాను.

ఇప్పుడు ఫ్లాంజ్‌ను మూడు రకాలుగా పరీక్షించాలి: పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ, ముందుకూ వెనక్కూ. వెనక బేరింగ్ బాగుంటే పైకీ కిందికీ కదలిక చేతికి దాదాపు తెలియదు. లెక్క చెప్పాలంటే, లోపలి రంధ్రం 35 మిల్లీమీటర్లుండే సీ3 రకం (మామూలు కంటే కాస్త ఎక్కువ ఖాళీ ఉంచే) బాల్ బేరింగ్‌లో కొత్తగా ఉండే ఖాళీ 0.015 నుంచి 0.033 మిల్లీమీటర్ల మధ్య. ఫ్లాంజ్ బేరింగ్‌కు కొంచెం బయట ఉంటుంది కాబట్టి అక్కడ అది ఇంకాస్త ఎక్కువగా కనిపించొచ్చు. అంతేగాని కళ్లకు కనిపించేంత కదలిక ఉండకూడదు. సన్నని కదలికను కొలిచే డయల్ గేజ్ ఒకటి స్టాండుతో హౌసింగ్‌కు (గేర్‌బాక్స్ బయటి పెట్టెకు) కదలకుండా బిగించి, ముల్లు ఫ్లాంజ్ మీద పెట్టి ఎత్తి చూస్తే వాదనలుండవు. పావు మిల్లీమీటర్ చూపించిందంటే ఆ బేరింగ్ పని అయిపోయింది, లేదా బేరింగ్ కూర్చునే చోటే పాడైంది, లేదా కింద చెప్పబోయే ఫ్లాంజ్ నట్టు వదులైంది. ముందుకూ వెనక్కూ కదలిక ఎంత ఉండొచ్చన్నది మాత్రం బండి బండికీ మారుతుంది, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకె చూసుకోవాలి. సర్క్లిప్ (గాడిలో కూర్చునే లాక్ రింగు) మందంతోనో షిమ్ముతోనో (పల్చటి రేకు వాషర్) దాన్ని సెట్ చేస్తారు.

కొన్ని బళ్లకు ఫ్లాంజ్ ఉండదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ కొసన ఉన్న స్లిప్ యోక్ (జారే గొట్టంలాంటి కొస) నేరుగా గేర్‌బాక్స్ తోకలోకి, అంటే వెనక చివరలోకి, దూరి ఉంటుంది, లోపల ఒక బుష్ దాన్ని మోస్తుంది. ఈ రకంలో యోక్‌ను పట్టుకుని ఊపితే కాస్త కదలడం మామూలే, బుష్‌కూ యోక్‌కూ మధ్య ఆయిల్ పొర ఉండేంత సందు కావాలి గదా. అది మరీ టకటకమని కొట్టుకుంటుంటే బుష్ పోయినట్టు. యోక్ లాగేటప్పుడు బండి వెనక భాగం ఎత్తి ఉంచండి, లేకపోతే ఆయిలంతా మీ మొహాన పడుతుంది.

సీల్ ఎందుకు తట్టుకోలేదో కూడా చెబుతాను, ఇది తెలిస్తే ఇంకోసారి ఎవరూ మిమ్మల్ని ఒట్టి సీల్‌తో సరిపెట్టరు. సీల్ పెదవి రబ్బరే, దాని వెనక సన్నని స్ప్రింగ్ ఉంటుంది. షాఫ్ట్ మధ్యలో సరిగ్గా తిరుగుతుంటే పెదవి చుట్టూ ఒకే బిగువుతో ఆనుతుంది. షాఫ్ట్ పక్కకు ఊగుతూ తిరిగితే పెదవి ప్రతి చుట్టుకూ దాని వెంట పరిగెత్తాలి. మీ బండి హైవే మీద గంటకు 80 కిలోమీటర్లు పోతోందనుకోండి. టైరు ఒక చుట్టుకు రెండు మీటర్ల పైచిలుకు పోతుంది, అంటే చక్రం నిమిషానికి 630 చుట్లు. క్రౌన్ రేషియో నాలుగు చిల్లర, అంటే చక్రం ఒక చుట్టుకు షాఫ్ట్ నాలుగు చిల్లర చుట్లు అనుకుంటే గేర్‌బాక్స్ వెనక షాఫ్ట్ నిమిషానికి 2,700 చుట్ల దాకా తిరుగుతోంది. అంత వేగంలో రబ్బరు ఒక పక్క ఆనేలోపు ఇంకో పక్క సందు వచ్చేస్తుంది. అందుకే ఊళ్లో మెల్లగా తిరిగినప్పుడు కారని బండి హైవే ఎక్కి దిగాక చుక్కలు పెడుతుంది. నిలబడి ఉన్నప్పుడు పొడిగా ఉండి, దూరం పోయి వచ్చాక తడిస్తే షాఫ్ట్ ప్లేనో, బ్రీదరో అని అనుకోండి. రాత్రంతా కదలకుండా ఉన్నా కారుతుంటే సీల్ పెదవి తెగిందనో, గాడి పడిందనో అనుకోండి. ఇది నూటికి నూరుపాళ్లు పనిచేసే సూత్రం కాదు గాని మొదలుపెట్టడానికి దారి చూపిస్తుంది.

కారేది అసలు ఎక్కడి నుంచి అన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. వెనక సీల్ దగ్గర తడి కనిపించినంత మాత్రాన అక్కడి నుంచే వస్తోందని కాదు. ఇంజన్ వెనక సీల్ నుంచి వచ్చిన ఆయిల్, గేర్ లివర్ కవర్ నుంచి దిగిన ఆయిల్, స్పీడోమీటర్ కేబుల్ లేదా సెన్సర్ దూరే చోట ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు రింగు) నుంచి వచ్చింది, అన్నీ గాలికి వెనక్కి పాకి చివర గేర్‌బాక్స్ తోక దగ్గరే చుక్క కడతాయి. డీజిల్‌తో బ్రష్ కొట్టి శుభ్రంగా కడిగి, గుడ్డతో ఆరబెట్టి, తోక చుట్టూ టాల్కమ్ పౌడర్ చల్లండి. కావలి నుంచి సింగరాయకొండ దాకా హైవే మీద ఒకసారి పోయి వచ్చి చూస్తే పౌడర్ మీద తడి గీత ఎక్కడ మొదలైందో కనిపిస్తుంది. నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్ అనుకోవచ్చు. గేర్ ఆయిల్‌కైతే గంధకం వాసన ఉంటుంది, ఒకసారి ముక్కుకు తగిలితే మళ్లీ మర్చిపోరు.

ఫ్లాంజ్ ఉన్న బళ్లలో చాలామంది చూడని దారి ఒకటుంది. ఫ్లాంజ్ షాఫ్ట్ మీద కూర్చునే లోపలి పళ్ల మీదుగా, మధ్యలో నట్టు సందుల్లోంచి ఆయిల్ రావడం. సీల్ ఆపేది ఫ్లాంజ్ బయటి గుండ్రాన్ని మాత్రమే. లోపల పళ్ల మధ్య నుంచి వచ్చే ఆయిల్‌ను నట్టు, దాని వాషర్, కొన్నిటికి ఓ-రింగ్ ఆపాలి. నట్టు వదులైతే ఫ్లాంజ్ పళ్ల మీద ఊగుతుంది, ఆయిల్ మధ్యలోంచి వస్తుంది, సీల్ ఎన్ని మార్చినా లాభముండదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పగానే ఫ్లాంజ్ గిన్నె లోపల, నట్టు చుట్టూ తడి ఉందా చూడండి. అక్కడ తడి, వెనక సీల్ చుట్టూ పొడి అయితే మీ సమస్య సీలే కాదు. మీ చేతికి తెలిసిన ఊగుడు కూడా ఈ నట్టుదే కావచ్చు, అప్పుడు బేరింగ్ దాకా పోనక్కర్లేదు. నట్టు తీసి పళ్లు చూసుకోండి. పళ్లు బాగుంటే కొంచెం సీలెంట్ రాసి, కొత్త నట్టు, కొత్త వాషర్‌తో మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగువు లెక్కకు) టార్క్ రెంచితోనే బిగించాలి. గాలి గన్నుతో టర్ర్‌మనిపించి వదిలేస్తే ఎంత బిగిసిందో దేవుడికే తెలియాలి. పాత నట్టు కాలర్ ఒకసారి కొట్టి మడిచి ఉంటే దాన్నే మళ్లీ వాడొద్దు.

ఇక బ్రీదర్. మీ బండికి ఇది తప్పకుండా చూడాలి, ఎందుకంటే మీరు తిరిగేది చెరువు గట్ల మీద. గేర్‌బాక్స్ వేడెక్కితే లోపల గాలి వ్యాకోచించి బయటికి పోవడానికి పైన ఉండే చిన్న మూత అది. గట్టు బురద ఎండి దాన్ని మూసేస్తే లోపలి ఒత్తిడి సీల్ పెదవిని ఎత్తి ఆయిల్‌ను బయటికి తోసేస్తుంది. ఇస్కపల్లి వైపు నుంచి వచ్చిన ఒక బండికి అంతకుముందు వేరే చోట మూడు సీళ్లు మార్చారు. బ్రీదర్ తీసి చూస్తే సిమెంట్ పోసినట్టు మూసుకుపోయి ఉంది. షాఫ్ట్‌లో ప్లే లేదు, బేరింగ్ గట్టిగా ఉంది. బ్రీదర్ కడిగి, దానికి గొట్టం తగిలించి పైకి ఛాసిస్ దాకా ఎత్తి కట్టాం, ఒక సీల్ వేశాం, అంతే. ఆయిల్ ఎక్కువ పోసినా దాదాపు ఇదే జరుగుతుంది. సమతలంగా నిలబెట్టినప్పుడు పక్కన లెవెల్ ప్లగ్ రంధ్రం అంచుదాకా ఉంటే చాలు. "కారుతోంది గదా, ఇంకో అర లీటరు పోద్దాం" అనుకుని బండిని ఒరగబెట్టి పోసేవాళ్లున్నారు.

ఉప్పు గాలి, ఉప్పు నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. స్లిప్ యోక్ ఉన్న బండి అయితే, లోడు ఎక్కినప్పుడూ దిగినప్పుడూ యోక్ గేర్‌బాక్స్ తోకలోకి లోపలికీ బయటికీ జరుగుతుంది. చెరువు దగ్గర ఉప్పు తేమలో నిలబెట్టిన బండికి యోక్ బయటికి కనిపించే భాగం తుప్పు పడుతుంది. మర్నాడు లోడు ఎక్కి గుంటలో పడగానే ఆ తుప్పు భాగం ఆకురాయిలాగా సీల్‌లోకి, బుష్‌లోకి దూరుతుంది. సీలూ పోతుంది, బుష్షూ పోతుంది. మీకు సీల్ ఇంత త్వరగా పోవడానికి ఇది కారణమయ్యే అవకాశం బాగా ఉంది. యోక్ మీద వేలితో తడిమి చూడండి. చిన్న చిన్న గుంటలు తగిలితే కొత్త యోక్ వేయడమే మేలు.

బేరింగే పోయిందని ఎట్లా తెలుస్తుంది అంటే ప్లేతో పాటు చప్పుడు, ఆయిల్ కూడా చెబుతాయి. వెనక బేరింగ్ గురగుర బండి వేగాన్ని బట్టి పెరుగుతుంది. హైవే మీద న్యూట్రల్ చేసి వదిలేసినా ఆ చప్పుడు ఆగదు. అదే బండి నిలబడి, ఇంజన్ ఆన్‌లో, న్యూట్రల్‌లో ఉన్నప్పుడు గురగురమని క్లచ్ తొక్కగానే ఆగితే అది ముందు వైపు ఇన్‌పుట్ బేరింగ్, మీ సమస్య కాదు. షాఫ్ట్ ముందుకూ వెనక్కూ ఎక్కువగా కదులుతుంటే గేర్ దానంతట అదే ఊడి న్యూట్రల్‌కు వచ్చే లక్షణం కూడా మొదలవుతుంది. ఆయిల్ దించినప్పుడు డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం మీద మెత్తని బూడిదరంగు ముద్ద ఉంటే కంగారు పడొద్దు, అది మామూలు అరుగుడు. మెరిసే రేకులు, పెచ్చులు ఉంటే బేరింగో గేరో పెచ్చు లేచింది. దించిన ఆయిల్‌లో పసుపు రంగు పొడి ఉంటే సింక్రో రింగులు (గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి రింగులు) అరిగినట్టు. పెచ్చులు కనిపిస్తే మాత్రం వెనక కవర్ ఒక్కటే తీసి బేరింగ్ మార్చి మూసేయొద్దు, మొత్తం విప్పి కడగాల్సిందే. ఆ ముక్కలు కొత్త బేరింగ్‌ను కూడా తినేస్తాయి.

ఇప్పుడు అసలు చిక్కు. కొత్త బేరింగ్ వేశాక కూడా ప్లే ఉందంటే? బేరింగ్ కూర్చునే హౌసింగ్ బోరు, అంటే ఆ గుండ్రటి రంధ్రం, అరిగి ఉంటుంది. పాత బేరింగ్ బయటి రింగు హౌసింగ్‌లో తిరిగి తిరిగి దాన్ని పెద్దది చేస్తుంది. అల్యూమినియం హౌసింగ్ అయితే ఇంకా తొందరగా, ఎందుకంటే వేడికి అది ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, చల్లగా ఉన్నప్పుడు గట్టిగా అనిపించింది వేడెక్కగానే వదులవుతుంది. ఇక్కడ మన వైపు చేసే రెండు పనులు నాకు అస్సలు నచ్చవు. ఒకటి, బోరు చుట్టూ పంచ్‌తో చుక్కలు కొట్టి బిగువు తెప్పించడం. రెండోది, కూల్‌డ్రింక్ డబ్బా రేకు కోసి సందులో పెట్టడం. చుక్కలు కొడితే బేరింగ్ ఆ చుక్కల శిఖరాల మీద కూర్చుంటుంది, నాలుగు ట్రిప్పుల్లో అవి నలిగిపోతాయి. రేకు పెడితే షాఫ్ట్ మధ్యలోంచి ఒక పక్కకు జరుగుతుంది, అంటే మీరే చేతులారా సీల్‌ను చంపినట్టు. పావలా పని అని చేస్తారు, మళ్లీ అదే బండి షెడ్డుకు వస్తుంది.

సరైన దారి బోరు ఎంత అరిగిందో కొలిచి చేయడమే. చాలా కొద్దిగా, చేత్తో నొక్కితే బేరింగ్ జారేంత మాత్రమే అయితే బేరింగ్ రిటైనింగ్ కాంపౌండ్ (బేరింగ్‌ను పట్టి ఉంచే జిగురులాంటి మందు) రాసి ఆరబెడితే నిలుస్తుంది. అంతకు మించితే హౌసింగ్‌ను మంచి లేత్‌లో బోరు చేయించి, స్లీవ్ వేసి, మళ్లీ అసలు సైజుకు కోయించాలి. నెల్లూరు ఆటోనగర్‌లో ఈ పని చేసే లేత్‌లు ఉన్నాయి. బోరు కేంద్రం ముందు బేరింగ్ కేంద్రంతో కలవాలి అన్న మాట వాళ్లకు ముందే గట్టిగా చెప్పండి. అది కుదరదంటే పాత గేర్‌బాక్స్ నుంచి హౌసింగ్ ఒక్కటే తెచ్చుకోవడం మంచిది. గేర్‌బాక్స్ మొత్తం మార్చమన్న మెకానిక్ బహుశా ఈ తలనొప్పి పడలేక చెప్పి ఉంటాడు. ఆయన ఉద్దేశం చెడ్డదని నేననను. పాత మార్కెట్ నుంచి తెచ్చిన గేర్‌బాక్స్‌లో ఏ జబ్బు ఉందో ఎవరికి తెలుసు అన్నదే నా అభ్యంతరం.

సీల్ ఒరుసుకునే చోట గాడి సంగతి. గోరు అడ్డంగా గీస్తే గోరు ఆగిందా? అయితే కొత్త సీల్ పెదవి కూడా అక్కడ సరిగ్గా ఆనదు. కొంచెం గాడి అయితే, హౌసింగ్‌లో చోటుంటే, సీల్‌ను రెండు మిల్లీమీటర్లు లోపలికో బయటికో జరిపి కొట్టవచ్చు, పెదవి కొత్త చోట కూర్చుంటుంది. ఎక్కువైతే పావు మిల్లీమీటర్ పైచిలుకు మందముండే స్టీల్ స్లీవ్‌లు దొరుకుతాయి, దాన్ని ఫ్లాంజ్ మీద ఎక్కిస్తే పాత సైజు సీలే సరిపోతుంది. లేత్‌లో సాపు చేయిస్తానంటే ఒక హెచ్చరిక. లేత్ టూల్ వదిలే గీతలు స్క్రూ మరలాగా ఉంటాయి. షాఫ్ట్ తిరిగేకొద్దీ అవి ఆయిల్‌ను బయటికి పంపు చేస్తాయి. చూడ్డానికి అద్దంలా మెరుస్తుంది, కారడం మాత్రం ఆగదు. అందుకే గ్రైండింగ్ చేయించాలి, అది కూడా రాయిని పక్కకు జరపకుండా నేరుగా ఆనించి.

సీల్ కొట్టడం గురించి ఎక్కువ చెప్పను, పని తెలిసినవాడు చేస్తాడు. స్ప్రింగ్ వైపు ఆయిల్‌కు ఎదురుగా ఉండాలి, పెదవికి గ్రీజు రాయాలి, షాఫ్ట్ పళ్ల మీదుగా పోనివ్వాల్సి వస్తే పళ్లకు టేపు చుట్టాలి, సుత్తితో ఒక పక్క కొట్టకుండా సీల్ అంచుకు సరిపడే పైపు ముక్క పెట్టి సమంగా దించాలి. పాత సీల్‌ను ఉలితో పీకి హౌసింగ్ గీసేస్తే ఆ గీతలోంచి కారుతుంది. బేరింగ్‌ను గ్యాస్ మంటతో వేడి చేయనివ్వొద్దు. ఆయిల్‌లోనో హీటర్ మీదో వేడి చేయాలి, 120 డిగ్రీలు దాటకూడదు.

పైన గుర్తులు పెట్టుకోమన్నాను గదా. మధ్యలో స్లైడింగ్ జాయింట్ ఉన్న ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను విప్పి, ఒక పన్ను అటూ ఇటూ మార్చి దూర్చినా రెండు చివర్ల యోక్‌లు ఒకే వరసలో ఉండవు. అప్పుడు షాఫ్ట్ ఒక చుట్టులోనే వేగం పెరుగుతూ తగ్గుతూ తిరుగుతుంది, ఆ అదురుడంతా గేర్‌బాక్స్ వెనక బేరింగ్ మీద పడుతుంది. చీమకుర్తి వైపు తిరిగే ఒక టిప్పర్‌కు బేరింగు, సీలు మార్చిన కొన్ని వారాలకే రెండూ పోయాయి. చూస్తే ఎక్కడో రోడ్డు మీద క్రాస్ మార్చినప్పుడు షాఫ్ట్‌ను తప్పుగా దూర్చారు. ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను మధ్యలో మోసే సెంటర్ బేరింగ్ రబ్బరు చినిగినా, గేర్‌బాక్స్ మౌంటింగ్ రబ్బరు కుంగినా ఫలితం ఇదే. కాబట్టి మీ బండికి బేరింగ్ మార్పిస్తే అదే రోజు క్రాస్‌లు, సెంటర్ బేరింగ్, మౌంటింగ్ కూడా చూపించండి. జబ్బు పుట్టించింది ఏదో వదిలేసి జబ్బుపడ్డ దాన్ని మాత్రమే మారిస్తే డబ్బు దండగ.

ఆయిల్ మీ బండి పుస్తకంలో రాసిన గ్రేడే పోయండి. జీఎల్-4 పోయాల్సిన గేర్‌బాక్స్‌లో "ఇంకా మంచిది" అని జీఎల్-5 పోస్తే అందులో ఉండే గంధకం మందులు కొన్ని రకాల ఇత్తడి సింక్రో రింగులకు పడవు. కారుడు ఆగుతుందని మరీ చిక్కటి ఆయిల్ పోసినా మేలు జరగదు, పొద్దున్నే గేర్లు పడక ఇబ్బంది పడతారు.

ఇవన్నీ వెనక చక్రాలు నడిపే బళ్లకు చెప్పాను. ముందు చక్రాలు నడిపే కార్లలో యాక్సిల్ సీల్ కథ వేరు, ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలూ నడిపే) బళ్లలో మధ్య ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు బలం పంచే గేరు పెట్టె) ఉంటుంది, దాని ముందూ వెనకా సీళ్లు వేరుగా చూడాలి.

పంట పట్టుబడి టైములో బండి ఆపలేను అని రాశారు. చుక్కలు మాత్రమే పడుతుంటే, గురగుర లేకుంటే, గేర్ ఊడకుంటే వారానికోసారి లెవెల్ ప్లగ్ తీసి చూసుకుంటూ కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. ధార కట్టినా, చప్పుడు మొదలైనా, గేర్ ఊడినా ఆ రోజే ఆపండి. ఆయిల్ తక్కువై బేరింగ్ పట్టేస్తే షాఫ్ట్, గేర్లు కలిపి పోతాయి, అప్పుడు మాత్రం నిజంగానే గేర్‌బాక్స్ మార్చాల్సి వస్తుంది. ఈలోపు వీలైతే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పించి ఫ్లాంజ్ గిన్నె లోపలి ఫోటో ఒకటి, సీల్ చుట్టూ ఫోటో ఒకటి పెట్టండి. మీది ఫ్లాంజ్ రకమా, స్లిప్ యోక్ రకమా కూడా రాయండి, బేరింగ్ దాకా పోవాలో లేదో అప్పుడు చెబుతాను.